లదాఖ్‌లో వానే పడదు కదా, మరి ఆ పశువులకి మేత ఎక్కడిది?

గాజువాక కుర్రోడు:
మొన్న జులైలో లేహ్ వెళ్ళొచ్చామండి. దారంతా బోడి కొండలే, గడ్డిపరక ఉండదు, తీరా ఊళ్ళోకి వచ్చేసరికి పచ్చగా బార్లీ చేలు, లూసర్న్ అనే పశువుల మేత మడులు, ఆవులు, జో అని యాక్‌కీ ఆవుకీ పుట్టినవట అవీ ఉన్నాయి. ఏడాదంతా కలిపి వాన వంద మిల్లీమీటర్లేనట, మనకి ఒక్క వాయుగుండం పడితే వచ్చేస్తాది అది. సబ్బవరం దగ్గర మా నాన్నకి నాలుగు గేదెలున్నాయి, మే నెలొస్తే వాటికి నీళ్ళు తోడలేక చస్తున్నాం, వీళ్ళెలా నెట్టుకొస్తున్నారు?

పెందుర్తి ఫౌజీ:
మూడేళ్ళు అక్కడే డ్యూటీ చేశాను తమ్ముడూ. వానతో వాళ్ళకి పన్లేదు, పైన మంచు కరిగి వచ్చే నీళ్ళే అన్నిటికీ. చిక్కల్లా టైముతోనే. విత్తనం ఏప్రిల్, మేలో పడాలి, పై గ్లేసియర్ ఏమో జూన్ దాకా సరిగ్గా కరగదు, చలికాలం చేలల్లో పని లేనప్పుడు మాత్రం వాగు నీళ్ళు ఊరికే సింధులోకి పోతాయి. ఛెవాంగ్ నోర్ఫెల్ అని అక్కడి సివిల్ ఇంజనీరు 1980ల్లోనే ఆ పోయే నీళ్ళని ఊరి పైన నీడ పడే చోటికి మళ్ళించి, వరసగా రాతికట్టలు వేసి నెమ్మదిగా పారేలా చేశాడు, అక్కడే గడ్డకట్టేసేది. అసలు గ్లేసియర్ కన్నా బాగా కింద ఉంటాది కదా, విత్తే టైముకే కరిగి వచ్చేస్తాది. 2015లో పద్మశ్రీ ఇచ్చారు.

మధురవాడ మావయ్య:
అక్కడి ఇంజనీరే సోనమ్ వాంగ్‌చుక్ కట్టిన ఐస్ స్థూపం కూడా అదే లెక్క కదా. ఎగువ నుంచి పైపేసి, మోటారు లేకుండా ఆ వాలుకే నీళ్ళు పైకి చిమ్ముతాయి, రాత్రి చలికి గోపురంలా గడ్డకడతాది, ఎండ తగిలే వైశాల్యం తక్కువ కాబట్టి లేటుగా కరుగుద్ది. మన లంబసింగిలో కట్టేద్దామా 😀

పెందుర్తి ఫౌజీ:
లంబసింగి మంచు పొద్దున్నే టీ తాగేసి వెళ్ళిపోద్ది మావయ్యా 😀 ఇంకోటి చెప్పడం మర్చిపోయా, అక్కడ ఊరికో చుర్పోన్ ఉంటాడు, ఏ చేనుకి ఎప్పుడు నీళ్ళు వదలాలో ఆయనే చెప్తాడు. ఎండిన మేతంతా డాబాల మీద పేర్చుకుంటారు, చలికాలం మందకి అదే ఆధారం. ఇంకా పైన చాంగ్‌తాంగ్‌లో పష్మీనా మేకలు పెంచే చాంగ్‌పాలకి సాగు పెద్దగా ఉండదు, గడ్డెక్కడుంటే గుడారం అక్కడే.

పాడేరు పిల్ల:
మా ఊళ్ళో ఐస్ లేదు గానీ కొండమీద ఊటగెడ్డ దగ్గర చిన్న తొట్టి కట్టి పైపు దింపితే కరెంటు లేకుండా పశువులకి నీళ్ళొస్తాయి. సబ్బవరంలో మీ చేను పక్కన కొండేమైనా ఉందా అన్నయ్యా?

గాజువాక కుర్రోడు:
కొండ ఉందమ్మా, ఊటే లేదు. వానకి వచ్చే గెడ్డ ఒకటుంది, నవంబరుకే ఎండిపోద్ది. దానికి అడ్డంగా రాతికట్టలు వేద్దామంటే నాన్న వింటాడో లేదో.