ఓనరు ఇల్లు అమ్మేస్తున్నారు, మా అడ్వాన్సు సంగతేమిటి?

ప్రశ్న (మున్నేకొళాల)

అందరికీ నమస్కారం. కాకినాడ నుంచి బెంగళూరుకు వచ్చి ఏడు నెలలైంది. అద్దె 28,000, అడ్వాన్సు లక్షన్నర, 11 నెలల అగ్రిమెంటు. నిన్న ఓనరు గారు ఫోను చేసి ఇల్లు అమ్మకానికి పెట్టామని, కొనేవాళ్ళు ఖాళీ ఇల్లే కావాలంటున్నారని, నెలాఖరుకు వెళ్ళిపొమ్మని అన్నారు. పాపను ఈమధ్యే పక్క వీధి బడిలో చేర్చాం. కన్నడం రాదు, ఎవరినడగాలో తెలియదు. నిజంగానే వెళ్ళిపోవాలా?

జవాబు (బాణసవాడి)

అమ్మా, ఇల్లు ఆయనది. అమ్ముకుంటానంటే కాదనడానికి మనమెవరం? పరాయి ఊళ్ళో తగవులెందుకు, ఈ ఆదివారం నుంచే ఇల్లు వెతుక్కోండి.

జవాబు (బెళ్ళందూరు)

చెల్లెమ్మా, పై పెద్దాయన మీ మంచి కోరే చెప్పారు. కానీ సరిగ్గా అలాగే చేసి డబ్బు పోగొట్టుకున్నవాణ్ణి నేను. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

అమ్ముకునే హక్కు ఆయనకుంది. అంతమాత్రాన మీ అద్దె ఒప్పందం రద్దయిపోదు. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం, 109వ సెక్షన్ ప్రకారం కొన్నవాడు పాత ఓనరు స్థానంలోకి వస్తాడు, మీరు ఆయనకు అద్దెదారులవుతారు. ఇల్లు చేతులు మారిన సంగతి తెలియక పాత ఓనరుకే అద్దె కట్టినా, మళ్ళీ కట్టమని కొత్త ఆయన అడగలేడు.

అయితే ఒప్పందంలో వేరే మాట రాసి ఉంటే అదే చెల్లుతుంది. అందుకని ముందు అగ్రిమెంటు తీసి చదవండి. నోటీసు ఎన్ని నెలలు? లాక్-ఇన్, అంటే ఇన్ని నెలల లోపు ఖాళీ చేయకూడదు, చేయించకూడదు అనే షరతు ఉందా? ‘ఇల్లు అమ్మితే ఖాళీ చేయాలి’ అనే వాక్యం ఎక్కడైనా ఉందా? సంతకం పెట్టేటప్పుడు దీన్నెవరూ చదవరు, నేనూ చదవలేదు. ఆ వాక్యం లేకపోతే, నోటీసు రెండు నెలలని ఉంటే, ఆ ఫోను కాల్‌కు నోటీసు విలువ లేదు.

అద్దెదారును ఎవరూ కదిలించలేరని కొందరు చెబుతుంటారు, అది నమ్మకండి. 1999 నాటి కర్ణాటక అద్దె చట్టం నగరంలో నెలకు 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు వర్తించదు. ఆ అద్దెకు ఇప్పుడు బెంగళూరులో బండి నిలుపుకోవడానికి చోటు దొరికితే గొప్ప. కాబట్టి మీకు రక్ష ఆ 11 నెలల కాగితమే. గడువు దాటాక కొత్త అగ్రిమెంటు లేకుండా అద్దె తీసుకుంటూ పోతే అది నెలవారీ అద్దె అవుతుంది. దానికి 15 రోజుల నోటీసు చాలు. మీకింకా నాలుగు నెలలుంది, బేరమాడే బలం ఆ నాలుగు నెలలదే.

తాళం మార్చడం, నీళ్ళు ఆపడం లాంటివి చేస్తే మాత్రం ఊరుకోవద్దు. కోర్టు ఆదేశం లేకుండా బలవంతంగా బయటకు పంపితే, ఆరు నెలల లోపు దావా వేసి ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

ఇక అడ్వాన్సు. నా విషయంలో జరిగింది చెబుతాను. మా ఓనరు ఇల్లు అమ్మి ‘అడ్వాన్సు కొన్నాయనకు లెక్క చెప్పాను, ఆయన ఇస్తాడు’ అన్నాడు. కొన్నాయన ‘నాకు రూపాయి అందలేదు’ అన్నాడు. నేనేమో పెద్దమనిషి తరహాలో ముందే తాళాలు ఇచ్చేశాను. నాలుగు నెలలు ఇద్దరి గుమ్మాలూ తొక్కాను. చివరికి పెయింటింగుకని, రిపేరుకని కోసేసి సగం చేతిలో పెట్టారు. చట్టం నా పక్షాన ఉందో లేదో తేల్చుకోవాలంటే కోర్టుకెళ్ళాలి. అంత ఓపిక ఎవరికుంది?

మీరలా చేయకండి. ఇల్లు రిజిస్టరు కాకముందే ఒక కాగితం రాయించుకోండి: మీ అడ్వాన్సు ఇంత, దాన్ని ఎవరు ఏ రోజున ఇస్తారు అని. ఓనరూ, కొనేవారూ, మీరూ సంతకాలు పెట్టాలి. డబ్బు ఖాతాలో పడ్డాకే తాళం చేతికివ్వండి. మిగిలిన అద్దెను అడ్వాన్సులో సర్దుకోవడం ఇక్కడ మామూలే గానీ, ఆయన ఒప్పుకున్నట్టు వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. లేకపోతే అద్దె ఎగ్గొట్టింది మీరే అవుతారు.

ఖాళీ ఇల్లు కావాలన్నది వాళ్ళ అవసరమని మరవకండి. ముందే వెళ్ళాలంటే పెయింటింగు కోత ఉండకూడదని, సామాను తరలింపు ఖర్చు ఇవ్వాలని అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. ఇల్లు చూడటానికి వేళాపాళా లేకుండా వచ్చే బ్రోకర్లకు శని, ఆదివారాలు ఫలానా వేళకే రమ్మని చెప్పండి. మా ఇంట్లో ఒకాయన పడకగది ఫోటోలు తీస్తూ మా అమ్మనే పక్కకు జరగమన్నాడు!

కన్నడం రాకపోయినా ఫర్వాలేదు. ఆ వైపు పాత ఓనర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఒకసారి తెలుగులో పలకరించి చూడండి.

జవాబు (కె.ఆర్.పురం)

మీరు అద్దెకున్నారు కాబట్టి నయం. మేం భోగ్యానికి ఉన్నాం, ఇక్కడివాళ్ళు దీన్నే లీజు అంటారు. లక్షలు ఒకేసారి ఓనరుకిచ్చి, నెలనెలా అద్దె లేకుండా ఉండటం. అది రిజిస్టరై ఉంటే ఈసీలో (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) కనబడుతుంది, కొనేవాడు మా సంగతి తేల్చకుండా ముందుకు పోలేడు. మాది మాత్రం ఉత్త స్టాంపు కాగితమే. కొత్తగా వచ్చేవాళ్ళెవరైనా భోగ్యానికి దిగాలనుకుంటే ముందు ఇక్కడి రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ తీసి, ఇంటి మీద తాకట్టు ఉందేమో చూసుకోండి. ఓనరు అప్పు కట్టకపోతే బ్యాంకు వచ్చి కూర్చుంటుంది.

జవాబు (హెచ్ఎస్ఆర్ లేఅవుట్)

రెండు చిన్న విషయాలు. ఓనరు మారితే ఆఫీసులో హెచ్ఆర్ఏ (ఇంటద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోసం ఇద్దరి పాన్ నంబర్లూ, ఎవరికి కట్టిన నెలలకు వారి రసీదులూ కావాలి. ఏడాదికి అద్దె లక్ష దాటితే పాన్ తప్పనిసరి. వెళ్ళేటప్పుడు గృహజ్యోతికి (కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) ముడిపెట్టిన మీ ఆధార్‌ను ఆ కరెంటు మీటరు నుంచి తీయించుకోండి, లేకపోతే కొత్తింట్లో ఉచిత కరెంటుకు ఇబ్బంది.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. అగ్రిమెంటులో రెండు నెలల నోటీసు అని ఉంది, అమ్మకం ఊసే లేదు. బెళ్ళందూరు అన్నయ్యగారు చెప్పినట్టు ఓనరు గారిని తెలుగులో పలకరించాను. వాళ్ళమ్మగారిది హిందూపురమట. రెండు నెలలకు ఒప్పుకున్నారు. పెయింటింగు మాటెత్తితే మాత్రం నవ్వి ఊరుకున్నారు.

జవాబు (బెళ్ళందూరు)

నవ్వును లెక్కలో రాసుకోలేం చెల్లెమ్మా. ‘కోత లేకుండా లక్షన్నర, తాళాలిచ్చే రోజున’ అని ఈ రాత్రికే వాట్సాప్ పెట్టి, ‘సరే’ అని ఆయన చేత అనిపించండి.