కట్టెల బట్టీ 1150 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది, ఎంత వేసినా ఎక్కడం లేదు

పచ్చికుండ:
మాది కుండలు కాల్చే డౌన్‌డ్రాఫ్ట్ బట్టీ, అంటే మంట పైకెక్కి సరుకు మీదుగా కిందికి దిగి పొగగొట్టంలోకి పోయేది. లోపలి గది 1 మీటరు వెడల్పు, 1 మీటరు లోతు, 1.1 మీటర్ల ఎత్తు. ఒక పక్కన ఒకే పొయ్యి. అందులో ఇనుప కడ్డీల జాలీ 40 × 50 సెం.మీ. గాలి జాలీ కింద నుంచే వస్తుంది, పైన వేరే రంధ్రాలేమీ లేవు. పొగగొట్టం లోపలి కొలత 23 × 23 సెం.మీ., ఎత్తు 3 మీటర్లు. సరుకంతా బిస్క్ కాల్చిన (గ్లేజ్, అంటే గాజుపూత, వేయకముందు ఒకసారి కాల్చిన) స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిపడే మట్టి పాత్రలు). చేరాల్సింది కోన్ 10 (కోన్ అంటే తగినంత వేడి పట్టగానే వంగిపోయే చిన్న సూచిక).

900 డిగ్రీల వరకు ఆరు గంటల్లో ఇబ్బంది లేకుండా ఎక్కుతుంది. 850 దగ్గర డ్యాంపర్ (పొగగొట్టం దారిని మూసే తలుపు) సగానికి పైగా మూసి రిడక్షన్ (గాలి తక్కువగా ఇచ్చి కాల్చడం) మొదలుపెట్టి, చివరిదాకా అలాగే ఉంచుతున్నాను. పదో గంటకు 1140. ఆ తర్వాత మూడు గంటలు 1130కీ 1160కీ మధ్యే ఊగుతోంది. కట్టెలు ఎక్కువ వేస్తే ఇంకా పడిపోతోంది. పొగగొట్టం కొసన అర మీటరు మంట, నల్లపొగ. జాలీ మీద బొగ్గులు 30 సెం.మీ. దాకా పేరుకుంటున్నాయి. కట్టె చేవ ఉన్న గట్టి రకం, ముంజేయంత లావు, కొట్టి నాలుగు నెలలైంది. తీసి చూస్తే పైవరసలో కోన్ 3 వాలిపోయింది, కిందివరసలో అంతకంటే తక్కువ వేడికే వంగే కోన్ 02 కూడా నిలబడే ఉంది.

పొగగొట్టం పెంచాలా? పొయ్యి మార్చాలా? లేక కాల్చే తీరులోనే తప్పుందా?

నిప్పుకాపు:
తప్పు కాల్చే తీరులోనే మొదలైందండి. ఇటుక కదిలించే ముందు అది సరిచేసి చూడండి. మీకు తక్కువైంది కట్టె కాదు, గాలి. పొగగొట్టం కొసన అర మీటరు మంట ఉందంటే, గదిలో కాలాల్సిన వాయువు బయట ఆకాశంలో కాలుతోంది. ఎండిన కట్టె బరువులో దాదాపు ముప్పాతిక వంతు వేడికి ఆవిరై వాయువుగానే పోతుంది, మిగిలేది బొగ్గు. ఆ వాయువు కాలడానికి జాలీకి పైన, మంట గదిలోకి తిరిగే చోట గాలి అందాలి. మీకు అక్కడ రంధ్రాలే లేవు.

ఇక 30 సెం.మీ. బొగ్గు సంగతి. జాలీ కింద నుంచి వచ్చిన గాలిలోని ఆక్సిజన్ బొగ్గు అడుగు పొరల్లోనే అయిపోతుంది. అక్కడ పుట్టిన కార్బన్ డయాక్సైడ్ పై పొరల్లోని ఎర్రటి బొగ్గును తాకి కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఈ మార్పు వేడిని ఇవ్వదు, మింగుతుంది. బొగ్గు మందం పెరిగేకొద్దీ మీ పొయ్యి గ్యాస్ తయారుచేసే యంత్రంలా పనిచేస్తుంది. దాని మీద ఇంకో మోపు పడేస్తే గాలి దారి ఇంకా మూసుకుంటుంది, చల్లటి కట్టె వేడెక్కడానికి కొంత వేడిని లాక్కుంటుంది. మీరు చూసిన పతనం అదే.

చేయాల్సింది ఇది. జాలీ మట్టానికి కాస్త పైన, పొయ్యి ముందు గోడలో ఒక్కొక్కటి 5 × 5 సెం.మీ. ఉండేలా మూడు నాలుగు రంధ్రాలు పెట్టండి. ఒక్కోదానికి ఇటుక ముక్క బిరడాగా ఉండాలి. బొగ్గు 15 సెం.మీ. దాటగానే వాటిని తెరిస్తే గాలి నేరుగా తగిలి బొగ్గు కరిగిపోతుంది. పొయ్యి పైభాగంలో, మంట గదిలోకి వెళ్లే దారికి దగ్గరగా, అలాంటివే ఇంకో రెండు. ఇవి వాయువు కాలడానికి. జాలీ కింద బూడిదగది నిండకుండా ఇనుప కొక్కెంతో లాగుతూ ఉండండి. అక్కడ నిండితే కడ్డీలకు చల్లగాలి తగలక వంగిపోతాయి కూడా.

రిడక్షన్ గురించి ఒక మాట. మట్టికి రంగు పట్టడానికి 900–950 మధ్య అరగంట నుంచి గంట గట్టిగా ఇస్తే చాలు. తర్వాత డ్యాంపర్ తెరిచి, చూపు రంధ్రంలోంచి మంట నాలుక కొద్దిగా తొంగిచూసే స్థితిలో ఎక్కించాలి. రిడక్షన్ ఎంత బలంగా ఉంటే అంత మంచిదన్న అభిప్రాయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు. పొగ నల్లగా సాగినంతసేపు మీరు ఇంధనాన్ని పారబోస్తున్నట్టే. పైగా మట్టిలోని కార్బన్ కాలిపోకముందే గ్లేజ్ మూసుకుంటే పాత్ర లోపలి పొర నల్లబడుతుంది, ఆపైన ఉబ్బుతుంది.

పొగగొట్టం:
నిప్పుకాపు గారు చెప్పిన వరుసే సరైనది. అయినా కొలతలు కూడా ఒకసారి చూద్దాం.

కట్టెల బట్టీకి మొదటి అంచనాగా జాలీ వైశాల్యం పొగగొట్టం అడ్డుకోతకు పది రెట్లు ఉండాలంటారు. మీ పొగగొట్టం 23 × 23, అంటే 529 చ.సెం.మీ. జాలీ 2000. నాలుగు రెట్లు కూడా లేదు. పది రెట్లు కావాలంటే దాదాపు 60 × 88 ఉండాలి. బొగ్గు పేరుకోవడానికి ఇదొక కారణం. చిన్న జాలీ మీద మీకు కావలసిన వేడికి సరిపడా కట్టె వేస్తే మందం తప్ప వేరే దారి లేదు.

ఎత్తుకు లెక్క వేరు. మంట కిందికి దిగే ఎత్తుకు మూడింతలు, అడ్డంగా ప్రయాణించే దూరంలో మూడో వంతు కలపాలి. మీకు 1.1 × 3 = 3.3. పొయ్యి నోటి నుంచి పొగగొట్టం దాకా అడ్డం మీటరున్నర అనుకుంటే ఇంకో 0.5. మొత్తం 3.8 మీటర్లు. 80 సెం.మీ. తక్కువైనట్టే. కానీ మీరు డ్యాంపర్ సగానికి పైగా మూసి కాలుస్తున్నారు కదా, ఉన్న లాగుడే వాడుకోవడం లేదు. ముందు పూర్తిగా తెరిచి చూడండి. 1100 దగ్గర కింది చూపు రంధ్రం పక్కన మండుతున్న సన్నని పుల్ల పట్టుకోండి. మంట లోపలికి వంగితే లాగుడు ఉంది, బయటికి వస్తే గదిలో ఒత్తిడి ఉంది. పూర్తిగా తెరిచినా బయటికే తోస్తుంటే అప్పుడు కొసన ఇనుప గొట్టం తగిలించి మీటరు పెంచండి.

మరీ తెరవడం కూడా పొరపాటే. కాలడానికి కావలసిన దానికంటే ఎక్కువ గాలి వచ్చిందంటే దాన్నంతా 1150కి వేడిచేసి బయటికి పంపుతున్నట్టు. అప్పుడు పొగ ఉండదు, మంట పొట్టిగా తెల్లగా ఉంటుంది, పైరోమీటర్ (బట్టీ వేడి కొలిచే పరికరం) ముల్లు మాత్రం కదలదు. డ్యాంపర్‌ను ఒక్కసారికి రెండు సెం.మీ. మించి జరపకండి, జరిపాక పావుగంట ఆగండి. ఒకేసారి డ్యాంపర్, గాలి రంధ్రాలు, కట్టె మూడూ మారిస్తే దేనివల్ల ఏమైందో తెలియదు.

సారెపక్క:
కట్టె గురించి ఎవరూ చెప్పలేదు. నాలుగు నెలల చేవ కట్టె, అదీ ముంజేయంత లావున్నది, లోపల ఇంకా తడిగానే ఉంటుంది. ఒక కర్రను మధ్యకు చీల్చి, లోపలి భాగం నుంచి ముక్క తీసి తూచండి. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి మళ్లీ తూచండి. 200 గ్రాములది 160 అయితే 20 శాతం నీరు. చివరి దశకు అది 15 దగ్గర ఉండాలి. ఒక కిలో నీరు ఆవిరి కావడానికే 2.26 మెగాజౌళ్లు పోతాయి, ఆ ఆవిరి పొగగొట్టం దాటేలోపు గదిలోని వేడిని ఇంకా లాక్కుంటుంది. కట్టెను చీల్చి, గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే కప్పి ఏడాది ఉంచితే సగం సమస్య పోతుంది.

లావు సంగతి: 900 దాకా ముంజేయంతవి ఫరవాలేదు. ఆపైన బొటనవేలంత పేళ్లే వేయాలి. లావు కర్ర పైన కాలుతుంది, లోపల బొగ్గవుతుంది, అదే జాలీ మీద మిగులుతుంది. సన్నటి పేడు అక్కడికక్కడే వాయువై గదిలోకి మంట చాస్తుంది. గట్టి కట్టెకు బొగ్గు ఎక్కువ, తేలిక కట్టెకు మంట పొడవు ఎక్కువ. చివరి 150 డిగ్రీలకు తేలిక కట్టె విడిగా దాచుకోండి.

వేసే సమయం గడియారంతో కాదు, పొగతో చూడాలి. వేయగానే పొగ నల్లబడి ముల్లు నాలుగైదు డిగ్రీలు పడుతుంది, భయపడకండి. పొగ పలచబడి శుభ్రమవుతున్నప్పుడే ఎక్కుతుంది. ఎక్కడం ఆగబోతుండగా మళ్లీ వేయాలి. ఈ పరిమాణం బట్టీకి అది మూడు నుంచి ఐదు నిమిషాలు. ప్రతిసారీ నాలుగైదు పేళ్లే, మోపులు మోపులు కాదు.

పైకీ కిందికీ అంత తేడాకు పేర్చడం కూడా కారణం. పైవరసల్లో దగ్గరగా, కింద వదులుగా పేర్చండి. మంట ఖాళీ ఉన్న దారినే వెతుక్కుంటుంది. కుండలు పేర్చే అడుగు పలక నేలకు కనీసం 10–12 సెం.మీ. ఎత్తులో ఉండాలి, పొగ బయటికి పోయే నోటికి కుండ అడ్డం రాకూడదు. 1100 దాటాక గంటకు 60 డిగ్రీలకు మించి తొందరపడకపోతే తేడా దానంతటదే తగ్గుతుంది. ఆ వేగంలో పెద్ద కోన్ 10 దాదాపు 1285 దగ్గర వంగుతుంది. పైరోమీటర్ ముల్లు తన కొస ఉన్న చోటు గురించే చెబుతుంది, అందులో వేడిని పసిగట్టే కె-రకం తీగ రిడక్షన్‌లో కాలం గడిచేకొద్దీ తప్పు కూడా చూపుతుంది. పైనా కిందా కోన్లు పెట్టి వాటినే నమ్మండి. చూసేటప్పుడు వెల్డింగ్ రకం ముదురు అద్దం తప్పనిసరి.

పచ్చికుండ:
చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. గాలి రంధ్రాలు పెట్టి, కట్టె చీల్చే కాలుస్తాను. ఇంకో రెండు సందేహాలు. రెండు పళ్లేలు నిలువునా పగిలాయి, పగులు అంచు కత్తిలా పదునుగా ఉంది. అలాగే పొయ్యికి దగ్గరున్న కుండల అడుగులు పలకకు అతుక్కున్నాయి. గ్లేజ్ అడుగుకు రాసిందేమీ లేదు.

సారెపక్క:
అతుక్కుంది బూడిద వల్ల. పొయ్యి ముందు వరస మీద బూడిద ఎక్కువ పడుతుంది, అందులోని సున్నం, పొటాష్ మట్టిలోని సిలికాతో కలిసి గ్లేజ్‌గా కరుగుతాయి. అల్యూమినా (ఈ వేడికి కరగని తెల్ల పొడి), చైనా క్లే (తెల్లమట్టి) సమపాళ్లలో నీళ్లతో ముద్దగా కలిపి, శనగగింజంత ఉండలు మూడు ఒక్కో పాత్ర అడుగున అంటించండి. నాలుగు పెడితే ఊగుతుంది. అదే మిశ్రమం పలచగా కలిపి పలకలకు పూయండి. పలక పక్క అంచులకు మాత్రం వద్దు, ఊడి కింది కుండల్లో పడుతుంది. మూతలకూ గిన్నెకూ మధ్య కూడా ఇవే ఉండలు.

నిప్పుకాపు:
పగులు అంచు పదునుగా ఉంటే అది చల్లారేటప్పుడు వచ్చింది. ఎక్కేటప్పుడు వచ్చినదైతే గ్లేజ్ కరిగి అంచు గుండ్రబడి ఉండేది. మట్టిలోని క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర, క్రిస్టోబలైట్ (ఇదీ క్వార్ట్జ్‌లాగే సిలికా రూపమే) 226 చుట్టుపక్కల ఒక్కసారిగా కుంచించుకుంటాయి. ఆ రెండు చోట్లా ఒక పక్క చల్లగాలి తగిలితే పళ్లెం ముందు పగులుతుంది, ఎందుకంటే దాని అంచు నడుమ కంటే ముందే చల్లారుతుంది.

ఆఖరి మోపు కాలి బొగ్గు కరిగాక డ్యాంపర్ పూర్తిగా దించి, పొయ్యి నోరు, గాలి రంధ్రాలు, చూపు రంధ్రాలు అన్నీ తడిమట్టితో పూడ్చండి. డ్యాంపర్ పక్కనున్న సందు చాలామంది మర్చిపోతారు, రాత్రంతా చల్లగాలి అక్కడి నుంచే లాగుతుంది. బట్టీ కప్పు కింద ఉంటే మూసిన తర్వాత అక్కడ పడుకోవద్దు, లోపలి బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. ఈ పరిమాణానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు ఆగాలి. ముల్లు 150 చూపితే ముందు చూపు రంధ్రం ఒక్కటే తీయండి. 100 కిందికి వచ్చాక ద్వారం పైవరస ఇటుకలు రెండు తీసి గంట ఆగి, తర్వాత మిగతావి.