పొద్దు ఎటు వాలాలి? (ముత్యాలసరం, బొమ్మల సినిమా)

కళింగపట్నం ఒడ్డు మీద రాసిన కవితను చిన్న యానిమేషన్‌గా తీస్తున్నామని, స్టోరీబోర్డు (షాట్లు వరసగా గీసిన బొమ్మలు) చూసి చెప్పమని అడిగారు కదా చెల్లెమ్మా, చూశాను. మొదటి చరణం అందరి కోసం మళ్లీ పెడుతున్నా:

అలలు వచ్చెను అలలు పోయెను
తెప్ప యింకా తీరమెక్కదు
గట్టు మీదను పిల్ల నిలిచెను
పొద్దు వాలెను

మన విజయనగరం గురజాడ వారు 1910లో వాడుకలోకి తెచ్చిన ముత్యాలసరం అనే ఛందస్సు నడక ఇది. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ, పాదానికి 14 మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు), చివరి పాదం కురచ. కెరటం కూడా అంతే, ఎక్కేటప్పుడు విసురుగా ఎక్కేస్తుంది, దిగేటప్పుడు ఇసుకను ఈడ్చుకుంటూ నింపాదిగా దిగుతుంది. మూడుకి ఎక్కించి నాలుగుకి దింపండి, వెనక మ్యూజిక్ లేకపోయినా తాళం వినిపిస్తుంది.

లెక్క కూడా కుదురుతుంది. పాదం చదవడానికి నాలుగు సెకన్లు పడితే సెకనుకి 24 చొప్పున 96 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు నిలిపితే 48 బొమ్మలు. చివరి పాదం ఏడు మాత్రలే కాబట్టి మిగిలిన రెండు సెకన్లు గొంతు ఉండదు, బొమ్మ ఒక్కటే ఉంటుంది. మీరేమో అక్కడే వీణ పెట్టి నింపేశారు!

ఇక తెప్ప. మీరు గీసింది తెల్ల తెరచాప పడవ, కేలెండర్‌లో ఉండేది. తెప్ప అంటే దుంగలు పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించినది, నీళ్లు పైకే వస్తాయి, మనిషి తడుస్తూనే ఉంటాడు. ఇప్పటి ఫైబర్ బోటు గీసినా నాకు అభ్యంతరం లేదు గానీ, అప్పుడు కవితలో మాట మార్చాలి.

అసలు తేడా చివరి షాట్‌లో ఉంది. సూర్యుణ్ని సముద్రంలో ముంచేశారు!

— సముద్రంలో మునిగితే అందంగా ఉంటుంది కదండీ మాస్టారూ, చూసేవాళ్లకి వెంటనే అర్థమవుతుంది కూడా.

ఆ అందం కావాలంటే గోవా వెళ్లాలమ్మా. మనది తూర్పు తీరం, ఇక్కడ పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది, సరుగుడు తోటల వెనక్కి వాలుతుంది. పిల్ల సముద్రం వైపు చూస్తోంది అంటే పొద్దు ఆమె వీపు వెనక ఉన్నట్టు. సూర్యుణ్ని చూపించకండి అసలు. ఆమె నీడ ఇసుక మీద సాగి సాగి నీళ్లదాకా పోవాలి, తెప్ప మీద ఆమె తండ్రి తిరిగి వచ్చే దారి అదే కాబట్టి ఇంకేమీ చెప్పక్కర్లేదు.

— మరి పద్యం తెర మీద అక్షరాల్లో వెయ్యాలా?

వద్దు, కన్ను అటే పోతుంది. టైటిల్స్‌లో వెయ్యండి చాలు. గొంతు మాత్రం మన వైపు యాస ఉన్నవాళ్లదే తీసుకోండి, “యింకా” దగ్గర దీర్ఘం మింగకుండా చదవమనండి, మింగితే మాత్ర పోయి ఫ్రేముల లెక్కంతా మళ్లీ మొదటికొస్తుంది.