గ్యాస్ కొలిమి బర్నర్‌లో మంట వెనక్కి తన్నుతోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. పాత పెయింట్ డబ్బా లోపల వేడిని తట్టుకునే సిరామిక్ ఉన్ని చుట్టి చిన్న కొలిమి చేసుకున్నాను. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, హై ప్రెషర్ రెగ్యులేటర్ వాడుతున్నాను. పాత పిస్టన్లు కరిగించి తలుపు పిడులు పోయాలని సరదా. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి తేలికే అనుకున్నా.

అసలు తంటా బర్నర్‌తో. గ్యాస్ తగ్గించగానే 'టప్' అని చప్పుడొచ్చి మంట గొట్టంలోకి పోయి అక్కడే మండుతోంది. వెంటనే వాల్వ్ కట్టేస్తున్నాను కానీ గుండె దడ. గ్యాస్ చిమ్మే జెట్ రంధ్రం పెద్దదైందా, లేక ప్రెషర్ మరీ తగ్గిస్తున్నానా? మంట వెనక్కి పోకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టర్ రెగ్యులేటర్ దగ్గర పెట్టాలా, బర్నర్ దగ్గరా?

ఇంకోటి, ఇరవై నిమిషాలకల్లా సిలిండర్ అడుగున మంచు పట్టి మంట నీరసపడుతోంది. వేడినీళ్ల టబ్బులో పెట్టమని ఒకాయన సలహా. నాకు ధైర్యం చాల్లేదు. రెండు సిలిండర్లు కలిపితే నయమా?

పోయిన ఆదివారం తడి ఆరని ముక్క ఒకటి మూసలో (లోహం కరిగించే పాత్రలో) వేశాను. కరిగిన లోహం చిమ్మి చెప్పు మీద పడింది, కాలికి రవ్వంతలో తప్పింది. అప్పట్నుంచి ప్రతి ముక్కనీ కొలిమి మూత మీద కాచాకే వేస్తున్నాను. సిమెంట్ నేల పగులుతుందని కింద పొడి ఇసుక కూడా పరిచాను. తోలు బూట్లు కొనాలి, మా ఆవిడ ఆర్డర్!

పోత పని చేసినవాళ్లు బర్నర్ సంగతి ముందు చెప్పండి. ఇత్తడి జోలికి ఇప్పుడప్పుడే పోను, అందులో జింకు పొగ ప్రమాదమని తెలుసు.