ఒకే డ్రిల్లు పీరియడు, వేర్వేరు సామర్థ్యాల పిల్లలు: పాఠం ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న (వ్యాయామ ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా)

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నాను. ఎనిమిదో తరగతిలో దాదాపు యాభై మంది ఉన్నారు. పక్క ఊళ్ల నుంచి రోజూ సైకిలు తొక్కుకుంటూ వచ్చి కూడా గ్రౌండు చుట్టూ అలవోకగా పరుగెత్తేవారు కొందరైతే, రెండో రౌండుకే నడుం పట్టుకుని నిలబడిపోయేవారు మరికొందరు. ఉబ్బసం ఉన్న అబ్బాయి ఒకడు, ఒక కాలు బలహీనంగా ఉన్న అమ్మాయి ఒకతె ఉన్నారు. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షలోని 600 మీటర్ల పరుగులో ఈ తేడా స్పష్టంగా బయటపడింది. సామర్థ్యాన్ని బట్టి జట్లు విడదీస్తే ఒక జట్టుకు ‘చేతకానివాళ్లు’ అనే పేరు పడిపోతోంది. అందరికీ ఒకే పని ఇస్తే అది కొందరికి చాలడం లేదు, కొందరికి శిక్షలా ఉంటోంది. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం (విశ్రాంత వ్యాయామ దర్శకుడు, వరంగల్)

మాస్టారూ, జట్లు విడదీయకండి, పనిలోనే మెట్లు పెట్టండి. 1960లలో అమెరికాలో మస్కా మోస్టన్ అనే వ్యాయామ విద్యావేత్త చూపిన ఉదాహరణ ఇప్పటికీ నాకు అన్నిటికంటే నచ్చుతుంది. ఎత్తు దూకడానికి తాడును సమంగా కడితే, దాన్ని పెంచుతున్న కొద్దీ ఒక్కొక్కరే బయటికి పోతారు, పైగా ముందుగా పోయేది అభ్యాసం ఎక్కువ అవసరమైనవారే. అదే తాడును ఒక కొస నేలకు దగ్గరగా, మరో కొస నడుం ఎత్తులో ఉండేలా ఏటవాలుగా పట్టిస్తే ఎవరికి తగిన చోట వారు దూకుతారు, ఎవరూ బయటికి పోరు.

పరుగుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. దూరాన్ని కాకుండా సమయాన్ని స్థిరంగా ఉంచండి. ఆరు నిమిషాల్లో ఎవరు ఎంత దూరం వెళ్లగలిగితే అంత వెళ్లనివ్వండి, మధ్యలో నడిచినా పర్వాలేదు. ఇరవై ఐదు మీటర్లకు ఒక జెండా పాతి, జతలోని రెండోవారిని లెక్క చూడమనండి. అందరూ ఒకే విజిల్‌కు ఆగుతారు కాబట్టి, తరగతి అంతా చూస్తుండగా ఒంటరిగా చివరి రౌండు పూర్తిచేసే పరిస్థితి ఎవరికీ రాదు. వచ్చే నెల అదే పిల్లవాడు దాటిన జెండాలను ఈ నెలవాటితో పోల్చండి, పక్కవాడివాటితో కాదు. పుషప్‌లను గోడకు, బెంచీకి, మోకాళ్ల మీద, పూర్తిగా నేల మీద అని నాలుగు రకాలుగా చూపి ఎంచుకోమనండి. ఆడపిల్లలకు ఒకటి, మగపిల్లలకు ఒకటి అన్న విభజన పరీక్షలో ఉంటే ఉండనివ్వండి, పాఠంలో అక్కర్లేదు.

సమాధానం (పిల్లల వైద్యురాలు, విజయవాడ)

ఉబ్బసం ఉన్న అబ్బాయిని పక్కన కూర్చోబెట్టవలసిన పని లేదు. ముందు పది నిమిషాలు నెమ్మదిగా ఒళ్లు వేడెక్కించి, వైద్యుడు చెప్పి ఉంటే ఆటకు ముందే ఇన్‌హేలర్ తీసుకోనిచ్చి, ఆ సాధనం అతని చేతికి అందేచోట ఉంచితే చాలావరకు అందరితోపాటు ఆడగలడు. దుమ్ము లేచే గ్రౌండయితే నీళ్లు చల్లించండి.

తీవ్రతను కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. కదులుతూనే ఎక్కం చెప్పగలిగినా పాట పాడలేకపోతే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే అది తీవ్ర శ్రమ. ఇద్దరు పిల్లలు వేర్వేరు వేగాల్లో వెళుతున్నా, ఇద్దరి శ్రమా ఒకటే కావచ్చు.

మరొక మాట. త్వరగా అలసిపోయే ఆడపిల్లను బద్ధకస్తురాలు అనేముందు రక్తహీనతను అనుమానించండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవారే. పన్నెండేళ్లు దాటిన బాలికకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 12 గ్రాములకంటే తగ్గితే చికిత్స అవసరం. ఏఎన్ఎం గారితో చెప్పి పరీక్ష చేయించండి.

సమాధానం (కబడ్డీ శిక్షకుడు, కర్నూలు)

పై సలహాలను గౌరవిస్తూనే ఒక అభ్యంతరం చెబుతున్నాను. ఎంచుకునే స్వేచ్ఛ ఇస్తే సత్తా ఉన్న పిల్లలు కూడా తాడు పల్లంగా ఉన్న కొసకే పోతారు. రేపు ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీల ఎంపికలకు వెళ్లేవారి సంగతేమిటి?

సమాధానం (విశ్రాంత వ్యాయామ దర్శకుడు, వరంగల్)

మొదటి వారం తేలిక కొసకు పోయేవారు ఉంటారు, నిజమే. వరుసగా మూడుసార్లు అవలీలగా దాటినవారు ఒక అడుగు పైకి జరగాలి అని నియమం పెడితే అది సర్దుకుంటుంది. ఎంపికలకు తయారయ్యేవారి సాధన ఉదయమో సాయంత్రమో జరగాలి. తరగతి పీరియడు తరగతి మొత్తానిది.

కాలు బలహీనంగా ఉన్న అమ్మాయి విషయానికి వస్తే, స్కోరు రాసే పనికే పరిమితం చేయకండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షను ఆటల్లో ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. టెన్నికాయిట్‌లో ఆమె వైపు కోర్టును సగానికి కుదించండి, రింగు విసిరే నియమాలు మాత్రం అందరికీ ఒకటే ఉంచండి. ఎంత కుదించాలన్నది ముందుగా ఆమెనే అడగండి.