వైజాగ్ దాకా ఒక్కడినే ఆగకుండా నడపమంటున్నారు, ఎలా కాదనాలి?
అన్నలూ, నేను చెన్నై మాధవరంలో లారీ డ్రైవర్ని. వైజాగ్ లోడు, దాదాపు 800 కిలోమీటర్లు, రెండో డ్రైవర్ లేకుండా మర్నాటికల్లా దించాలంటాడు మా సూపర్‌వైజర్. రాజమండ్రి దాటాక కళ్లు మూతలు పడి పక్కన ఆపితే చాలు, జీపీఎస్ చూసి వెంటనే ఫోన్ చేస్తాడు, బండి ఎందుకు ఆగిందని. ఎదురు చెబితే బత్తా కోత. 2025 దాకా అమల్లో ఉన్న 1961 మోటార్ రవాణా కార్మికుల చట్టంలోనే మామూలుగా రోజుకు 8 గంటలని, 5 గంటలు చేశాక అరగంట విశ్రాంతి అని రాశారు, అది చెబితే నవ్వాడు. పోయిన వారం తుని దగ్గర ఒక్క క్షణం నిద్ర పట్టి డివైడర్ అంచుదాకా వెళ్లాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఉద్యోగం పోకుండా ఎలా కాదనాలి? ఫోన్ రికార్డింగులతో లేబర్ ఆఫీసుకి వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా, అక్కడ ఏం అడిగారు?