ట్రాకర్ సమస్య: కస్టమర్ల ఫైళ్లు ఇవ్వకుండా రిపోర్ట్ చేయడం ఎలా?

పర్లాకిమిడిలో మా జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 (లినక్స్), 8 జీబీ ర్యామ్. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో తెలుగు, ఒడియా పీడీఎఫ్‌లు దాదాపు 2,300 ఉన్నాయి. ఫైళ్లు వెతకడానికి వాటి ఇండెక్స్ కట్టే ప్రోగ్రామే ట్రాకర్. ఆన్ చేసిన ఐదారు నిమిషాలకు దాని ట్రాకర్-ఎక్స్‌ట్రాక్ట్-3 అనే ప్రాసెస్ ఒక కోర్‌ను 100 శాతం పట్టుకుంటుంది. మెమరీ 6 జీబీ దాటుతుంది. 40 నిమిషాలు వదలదు. ఆలోగా ప్రింటు ఇస్తే కదలదు, కౌంటర్ దగ్గర జనం నిలబడి ఉంటారు, ఒకటే టెన్షన్.

ట్రాకర్3 రీసెట్ కమాండ్‌తో ఇండెక్స్ చెరిపి మళ్లీ కట్టించాను, రెండు రోజులే బాగుంది. సెర్చ్ సెట్టింగ్స్‌లో ఆ ఫోల్డర్ తీసేస్తే సమస్య పోయింది. అంటే చిక్కు ఈ పీడీఎఫ్‌లలోనే ఉన్నట్టుంది. కానీ పాత కాగితాలు వెతకడం కుదరదు కదా. ప్రస్తుతానికి ట్రాకర్ ఆపేసి రికాల్ అనే వేరే సెర్చ్ ప్రోగ్రామ్ పెట్టుకున్నాను, పని నడుస్తోంది.

అయినా నా ఒక్కడి దగ్గర మార్చుకుంటే సరిపోదు, ఇలాంటి ఫైళ్లున్న మిగతావాళ్లకూ ఇదే ఇబ్బంది వస్తుంది. తయారుచేసేవాళ్లకు చెప్పాలని గట్టిగా ఉంది. నా ఉబుంటులో డెస్క్‌టాప్ గ్నోమ్ 42. ఇండెక్స్ కట్టే ట్రాకర్ మైనర్స్ భాగం పేరు గ్నోమ్ 47 నుంచి లోకల్‌సెర్చ్‌గా మారింది కాబట్టి, కొత్త ఉబుంటును పెన్‌డ్రైవ్ నుంచి నడిపి మళ్లీ పరీక్షించడానికి సిద్ధమే. అయితే ఆ పీడీఎఫ్‌లు కస్టమర్ల భూమి కాగితాలు, బయటికి ఇవ్వలేను.

ఆ ఫైళ్లు జతచేయకుండా, గ్నోమ్ డెవలపర్లు సమస్యలు తీసుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో పెట్టే రిపోర్ట్‌లో ఏయే లాగ్‌లు, కొలతలు ఇస్తే డెవలపర్లు కారణం పట్టుకోగలరు?